స్టాక్‌హోమ్ అడవుల్లో పరుగు, ఓరియంటీరింగ్: నా వారం ట్రైనింగ్ ఇదీ. గురువారం రాత్రి ఎక్కడ తప్పు చేశానో చెప్పండి

అడవిదారి | స్టాక్‌హోమ్ | ఆదివారం రాత్రి

అందరికీ నమస్తే. ఆరేళ్లుగా స్టాక్‌హోమ్‌లో ఉంటున్నా, ఆఫీసు కిస్తాలో (ఇక్కడివాళ్లు షీస్తా అని పలుకుతారు). వయసు 38. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు నాకు పరుగు అంటే ఆదివారం పొద్దున నెక్లెస్ రోడ్డు, అంతే. ఇక్కడికొచ్చాక, రెండేళ్ల కిందట మా అమ్మాయితో కలిసి హిట్టాఉట్ అనే ఆట మ్యాప్ పట్టుకుని తిరగడంతో ఈ పిచ్చి మొదలైంది. ఊళ్లోనూ పక్కనున్న అడవుల్లోనూ గుర్తుల కర్రలు పాతి మ్యాప్ ఉచితంగా ఇస్తారు, ఎన్ని దొరికితే అన్ని నమోదు చేసుకోవచ్చు. అక్కణ్నుంచి దగ్గర్లోని ఓరియంటీరింగ్ క్లబ్బులో చేరాను. మ్యాప్, కంపాస్ చూసుకుంటూ అడవిలో పెట్టిన గుర్తులు వరుసగా కనుక్కుంటూ పరిగెత్తే ఆట అది. వచ్చే జూన్‌లో ఫిన్లండ్‌లో జరిగే యూకొలా రిలేలో మా క్లబ్బు చివరి టీమ్‌తో ఒక లెగ్ పరిగెత్తాలని నా కోరిక. టీమ్‌కి ఏడుగురు, శనివారం రాత్రి 11 గంటలకు మొదలై తెల్లారేదాకా ఒకరి తర్వాత ఒకరు అడవిలోకి వెళ్తారు. దానికి చీకట్లో మ్యాప్ చదవడం రావాలి. నాకు రానిది అదే.

ఈ వారం చేసింది రాస్తున్నా, చూసి చెప్పండి.

సోమవారం: పరుగు లేదు. ఇంట్లో 25 నిమిషాలు చీలమండల వ్యాయామం. ఒంటికాలి మీద నిలబడటం, మెట్టు అంచున మడమలు ఎత్తి దించడం.

మంగళవారం: ఉర్స్‌విక్‌లో, దీపాలున్న బాట మీద క్లబ్బువాళ్లతో ఇంటర్వెల్స్. 4 నిమిషాలు గట్టిగా, 3 నిమిషాలు జాగింగ్, అలా నాలుగుసార్లు. వార్మప్ కలిపి 9 కి.మీ. చివరి రెండింటిలో గుండె వేగం 178 దాకా వెళ్లింది.

బుధవారం: ఆఫీసు నుంచి ఇంటికి మెల్లగా 8 కి.మీ. కిలోమీటరుకు ఆరున్నర నిమిషాలు.

గురువారం: రాత్రి ఓరియంటీరింగ్. 5.2 కి.మీ., 14 కంట్రోళ్లు (జెండా కట్టి ఉండే చోట్లు, వాటినే కనుక్కోవాలి). ఆ దూరం ఒక కంట్రోల్ నుంచి ఇంకోదానికి సూటిగా గీత గీస్తే వచ్చేది, వాచీ ప్రకారం నేను తిరిగింది 7.6. పట్టిన సమయం 1 గంట 41 నిమిషాలు. అందులో 7వ కంట్రోల్ ఒక్కదాని దగ్గరే 26 నిమిషాలు పోయాయి.

శుక్రవారం: విశ్రాంతి.

శనివారం: యెర్వఫెల్టెట్‌లో మట్టిబాటల మీద 15 కి.మీ. మెల్లగా.

ఆదివారం (ఈ రోజు): పగటిపూట నారింజ రంగు ట్రాక్, అంటే మధ్యస్థంగా కష్టమైనది. 4.6 కి.మీ., 63 నిమిషాలు. పెద్ద తప్పులేమీ లేవు.

ఇక గురువారం సంగతి. అక్టోబర్ సగానికి వచ్చేశాం కాబట్టి ఆరున్నరకల్లా బాగా చీకటి. 6 నుంచి 7కి 480 మీటర్లు. మధ్యలో అడ్డంగా ఒక కాలిబాట, అది దాటితే సన్నని చిత్తడి, దాని అవతల చిన్న గుట్ట, ఆ గుట్టకి ఉత్తరం వైపు రాతిగోడ, గోడ కింద జెండా ఉండాలి. నేను బాట దాటాను, చిత్తడి వచ్చింది, కాళ్లు మోకాళ్లదాకా దిగాయి, గుట్ట వచ్చింది, రాతిగోడ కూడా వచ్చింది. జెండా లేదు. మ్యాప్‌లో ఉన్నవన్నీ వరుసగా ఎదురయ్యాయి కదా, జెండా ఎందుకు లేదు? గోడ చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఎడమవైపు దూరంగా రెండు దీపాలు కదులుతుంటే అటు పరిగెత్తాను, అక్కడ జెండా దొరికింది కానీ దాని మీద నంబరు 58, నాకు కావాల్సింది 53 (కోర్సులో వరుస నంబరు వేరు, జెండా మీద రాసి ఉండే నంబరు వేరు). మళ్లీ వెనక్కి. ఆ అరగంటలో ఒక దశలో ఉత్తరం ఎటో కంపాస్ చెబుతున్నా నమ్మబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి స్నానం చేసి పెరుగన్నం తిన్నాక కూడా మనసు కుదుటపడలేదు.

పరుగు పెంచాలా, మ్యాప్ పని పెంచాలా? వారానికి ఆరేడు గంటల కంటే ఎక్కువ ఇవ్వలేను, ఇంట్లో చిన్న పిల్ల ఉంది.


తంపెరె_అక్క | ఫిన్లండ్ | ఆదివారం రాత్రి

తమ్ముడూ, నువ్వు రాసినదాంట్లోనే జవాబు ఉంది. "బాట దాటాను" అన్నావు. ఎక్కడ దాటావు? బాటలో ఏ మలుపు దగ్గర? అది రాయలేదంటే ఆ క్షణంలో నీకు తెలియదనే నా అనుమానం.

ఇది అందరూ చేసే తప్పు, దీన్ని మా కోచ్ జంట తప్పు అంటారు. ఒకేలా ఉండే రెండు గుట్టలు పక్కపక్కన ఉంటాయి, రెండింటి ముందూ చిత్తడి ఉంటుంది, రెండింటికీ రాతిగోడ ఉంటుంది. నువ్వు పక్కదానికి వెళ్లావు. అక్కడ కనిపించినవన్నీ మ్యాప్‌తో సరిపోయినట్టే అనిపిస్తాయి, ఎందుకంటే సరిపోవాలని మనమే చూస్తాం. పగలైతే 200 మీటర్ల దూరంలో ఇంకో గుట్ట కనిపించి అనుమానం వస్తుంది. రాత్రి దీపం వెలుగు పడినంత మేరే లోకం.

నీ మ్యాప్ 1:10,000 అనుకుంటా. ఒక మిల్లీమీటరు అంటే 10 మీటర్లు. నువ్వు కంపాస్ పట్టుకుని 300 మీటర్లు పోయేసరికి 30, 40 మీటర్లు పక్కకి జరగడం చాలా మామూలు విషయం, చిత్తడి చుట్టూ తిరిగితే ఇంకా ఎక్కువ. అందుకే సూటిగా గురిపెట్టకు. బాటలో మలుపు 7కి దగ్గరగా కుడివైపు ఉంటే, కావాలనే ఆ మలుపుకి ఎడమవైపు గురిపెట్టి పో. బాట తగలగానే మలుపు కుడివైపే ఉందని ఖాయం. మలుపు దగ్గరికి వెళ్లి నిలబడు. బొటనవేలు మ్యాప్ మీద ఆ మలుపు మీద పెట్టు. అక్కణ్నుంచి కంపాస్ పెట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ లోపలికి వెళ్లు. అలా ఆగి బయలుదేరే ఆ మలుపునే అటాక్ పాయింట్ అంటారు. 480 మీటర్ల లెగ్‌లో (ఒక కంట్రోల్ నుంచి ఇంకోదాని దాకా ఉన్న దారి) మొదటి 330 మీటర్లు వేగంగా పోవచ్చు, చివరి 150 మాత్రం ఇల్లు అలికినంత నెమ్మదిగా.

ఇంకోటి, పక్కవాళ్ల దీపాల వెంట పరిగెత్తడం. వాళ్ల కోర్సు వేరు. ఒక్కసారి అటు కదిలావంటే నువ్వు ఎక్కడున్నావో తెలిసిన కొద్దిపాటి సమాచారం కూడా పోతుంది.


నెక్లెస్‌రోడ్_రన్నర్ | హైదరాబాద్ | సోమవారం ఉదయం

బ్రో, ఓరియంటీరింగ్ గురించి మొదటిసారి వింటున్నా. నేను ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో 21 కి.మీ. చేశాను, 2 గంటల 4 నిమిషాలు, ఫ్లైఓవర్ల మీద ఎక్కి దిగి. నీ అంకెలు చూస్తే 5.2 కి.మీ.కి గంటా 41 అంటే షాక్ అయ్యా. తప్పిపోయిన 26 తీసేసినా 75 నిమిషాలు. నా ఉద్దేశంలో నీకు వేగం కావాలి. వారానికి 45 కి.మీ. చాలా మంచి బేస్, మంగళవారం 4 ఇంటర్వెల్స్‌ని 6 చెయ్, శనివారం 15 ని 20 చెయ్.

అలాగే ఒక ప్రశ్న. వాచీలో జీపీఎస్ ఉంది కదా, అది చూసుకుంటూ పోకూడదా?


అడవిదారి | స్టాక్‌హోమ్ | సోమవారం మధ్యాహ్నం

అక్కా, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. నిజంగానే ఎక్కడ దాటానో తెలియదు. బాట కనపడగానే "హమ్మయ్య" అనుకుని ఆగకుండా దాటేశా. సాయంత్రం ఇంటికెళ్లి వాచీ ట్రాక్‌ని లైవ్‌లాక్స్‌లో (తిరిగిన దారిని మ్యాప్ మీద చూపించే సైట్) పెట్టి చూస్తా.

నెక్లెస్‌రోడ్ బ్రో, జీపీఎస్ చూస్తూ వెళ్లడం నిషేధం. వాచీ పెట్టుకోవచ్చు, దారి రికార్డు చేసుకుని తర్వాత చూడొచ్చు, పరిగెత్తేటప్పుడు మాత్రం చేతిలో మ్యాప్, బొటనవేలికి తగిలించుకునే కంపాస్, అంతే. అడవిలో కిలోమీటరుకి 10 నిమిషాలంటే నా స్థాయికి చెడ్డది కాదు. నేల చదునుగా ఉండదు. మోకాళ్ల దాకా బ్లూబెర్రీ పొదలు, నాచు పట్టిన బండలు, పడిపోయిన చెట్లు, చిత్తడి. కాలు ఎక్కడ పడుతుందో చూడాలి, మ్యాప్ చూడాలి, దిక్కు చూడాలి, మూడూ ఒకేసారి.

మ్యాప్ గురించి కూడా చెబుతా, ఇది నాకు మొదట్లో భలే తికమక పెట్టింది. మామూలు మ్యాప్‌లో పచ్చ రంగు అంటే అడవి కదా, ఇక్కడ తెలుపు అంటే అడవి. హాయిగా పరిగెత్తగలిగే అడవి. పచ్చదనం పెరిగేకొద్దీ గుబురు పెరుగుతుందన్నమాట, ముదురు పచ్చలోకి వెళ్తే ఒంటెద్దు బండిలా ఈడ్చుకుంటూ పోవాలి. పసుపు అంటే పొలం, బయలు. నీలం నీళ్లు, చిత్తడి. నలుపు రాళ్లు, గోడలు, బాటలు. గోధుమ రంగువి ఎత్తు చూపే కాంటూర్ గీతలు, మామూలుగా ఒక గీతకీ ఇంకోదానికీ 5 మీటర్ల తేడా. మన కోర్సు ఊదారంగులో అచ్చు వేస్తారు, త్రికోణం దగ్గర మొదలు, జంట వలయం దగ్గర ముగింపు, మధ్యలో నంబర్ల వలయాలు. ఒక్కో వలయం నడుమన అడవిలో నారింజ, తెలుపు రంగుల జెండా ఒకటి వేలాడుతుంటుంది, దాని దగ్గరున్న చిన్న పెట్టెకి వేలికి పెట్టుకున్న చిప్పు తాకిస్తే బీప్ అంటుంది. ఆ బీప్ వినడానికే ఇదంతా.


పాత_ఎన్‌సీసీ | అనంతపురం | సోమవారం రాత్రి

బాబూ, మీ చర్చ చదివి చాలా సంతోషం వేసింది. నేను రిటైర్డ్ లెక్చరర్‌ని, మా కాలేజీలో ఎన్‌సీసీ చూసుకునేవాణ్ని. క్యాంపుల్లో మ్యాప్ రీడింగ్ చెప్పేవాళ్లం, ప్రిజ్మాటిక్ కంపాస్, సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 షీటు, సర్వీస్ ప్రొట్రాక్టరు. మా షీటులో కాంటూర్‌కీ కాంటూర్‌కీ 20 మీటర్లు. మీది 5 మీటర్లంటే, మా మ్యాప్‌లో అసలు కనపడని గుట్ట మీ మ్యాప్‌లో ఒక కంట్రోల్ అన్నమాట.

మేం పిల్లలకి మొట్టమొదట నేర్పేది మ్యాప్ సెట్ చేయడం. మ్యాప్‌లో ఉత్తరం నేల మీది ఉత్తరం వైపు తిప్పకుండా ఎవడూ వేలు పెట్టకూడదు. నువ్వు కంపాస్‌ని నమ్మలేదన్నావే, మ్యాప్ చేతిలో వంకరగా ఉండి ఉంటుంది. చేతిలో మ్యాప్ తిరగబడితే తలలో అడవి కూడా తిరగబడుతుంది.

ఒక సందేహం. మేం కంపాస్ చూపే అయస్కాంత ఉత్తరానికీ, మ్యాప్ గీతలు చూపే గ్రిడ్ ఉత్తరానికీ తేడా లెక్కగట్టి కూడడమో తీసేయడమో చేసేవాళ్లం, పిల్లలు సగం మంది అక్కడే తప్పేవాళ్లు. మీరు పరిగెత్తుతూ ఆ లెక్క ఎలా వేస్తారు?


తంపెరె_అక్క | ఫిన్లండ్ | సోమవారం రాత్రి

మాస్టారూ నమస్కారం. ఆ లెక్క మాకు లేదండీ. ఓరియంటీరింగ్ మ్యాప్ గీసేటప్పుడే అయస్కాంత ఉత్తరానికి సరిపెట్టి గీస్తారు, మ్యాప్ మీద నిలువు గీతలు అన్నీ అయస్కాంత ఉత్తరమే. కంపాస్ ముల్లుని ఆ గీతలకి సమాంతరంగా పెట్టేస్తే చాలు. మీరు చెప్పిన సెట్ చేయడమే, కాకపోతే మేం ప్రతి 10 సెకన్లకీ చేస్తూ ఉంటాం.

మీకు నచ్చే సంగతి ఇంకోటి, ఈ ఆట పుట్టిందే సైన్యంలో. 1886లో స్వీడన్ సైనిక అకాడమీలో తెలియని నేల మీద మ్యాప్, కంపాస్‌లతో దారి కనుక్కోవడానికి ఈ మాట వాడారు. తర్వాత ఎర్న్‌స్ట్ కిల్లండర్ అనే మేజర్, కుర్రాళ్లకి పరుగు మీద ఆసక్తి తగ్గుతోందని 1919లో స్టాక్‌హోమ్ దగ్గర పెద్ద పోటీ పెట్టాడు. మన అడవిదారి తమ్ముడు తప్పిపోతున్నది దాదాపు అదే ప్రాంతంలో. 1961లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది, 1966లో మొదటి ప్రపంచ పోటీలు మా ఫిన్లండ్‌లోనే ఫిస్కార్స్‌లో జరిగాయి.


మడమ_డాక్టర్ | యోతెబొరి | మంగళవారం ఉదయం

నేను ఫిజియోథెరపిస్ట్‌ని, ఇక్కడ స్వీడన్ పడమటి తీరంలో పని. నెక్లెస్‌రోడ్ సోదరుడి సలహాతో నేను ఒప్పుకోను, ఎందుకో చెబుతా.

అడవిదారి గారూ, మీ వారంలో కష్టమైన రోజులు పైకి రెండే కనపడుతున్నాయి, నిజానికి మూడు. మంగళవారం ఇంటర్వెల్స్, గురువారం రాత్రి, ఆదివారం. గురువారం మీరు పరుగు మెల్లగానే చేశాను అనుకుంటారు, కానీ చిత్తడిలో మోకాలిదాకా దిగి లేచే ఒక్కో అడుగుకీ రోడ్డు మీద కంటే చాలా ఎక్కువ శ్రమ. ఇంటర్వెల్స్ 6 చేసి, శనివారం 20 చేస్తే ముందు విరిగేది చీలమండ. సోమవారం మీరు చేస్తున్న ఒంటికాలి వ్యాయామం చాలా మంచిది, దాన్ని వారానికి మూడుసార్లు చేయండి, పళ్లు తోముకుంటూ కూడా చేయొచ్చు, కళ్లు మూసుకుని చేస్తే ఇంకా మేలు. ఎందుకంటే చీకట్లో కన్ను సాయం చేయదు, కాలే నేలని తెలుసుకోవాలి.

రెండో సంగతి, ఊపిరి అందని వేగంలో మ్యాప్ చదవలేం. అక్షరాలు కనపడతాయి, అర్థం తలకెక్కదు. మీరు మంగళవారం పరుగుని, గురువారం మ్యాప్‌ని వేరువేరుగా ట్రైన్ చేస్తున్నారు, పోటీలో రెండూ కలిసి వస్తాయి. రెండు వారాలకోసారి మంగళవారం చేతిలో పాత మ్యాప్ పట్టుకుని ఇంటర్వెల్స్ చేయండి. 4 నిమిషాలు గట్టిగా పరిగెత్తి, ఆ గస మీదే ఒక లెగ్ చూసి, మ్యాప్ మడిచి, జాగింగ్‌లో పక్కవాడికి చెప్పండి: ఎటు బయలుదేరతా, మధ్యలో ఏం తగులుతుంది, అటాక్ పాయింట్ ఏది, దాటిపోతే ఎలా తెలుస్తుంది. చెప్పలేకపోతే ఆ వేగం మీకు ఇంకా ఎక్కువ అని అర్థం.

మూడోది, పిడుదులు. స్టాక్‌హోమ్ ప్రాంతంలో పిడుదు కాటుతో మెదడువాపు వైరస్ వస్తుంది, దానికి టీకా ఉంది, అడవిలో పరిగెత్తేవాళ్లు తప్పకుండా వేయించుకోవాలి. లైమ్ వ్యాధికి అలా వేయించుకునే టీకా లేదు, ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, గజ్జల్లో, చంకల్లో చూసుకోవడమే. అక్టోబర్‌లో కూడా ఉంటాయి. నిండు ప్యాంటు వేసుకునే పద్ధతి మాత్రం పిడుదుల వల్ల వచ్చింది కాదు. 1950ల చివర్లో, 60ల మొదట్లో స్వీడన్ ఓరియంటీర్లలో హెపటైటిస్ బి పాకింది, కొమ్మలు గీరుకున్న గాయాల రక్తం ద్వారా ఒకరి నుంచి ఒకరికి. ఆ తర్వాతే కాళ్లు నిండా కప్పుకోవాలని నియమం పెట్టారు.


నెక్లెస్‌రోడ్_రన్నర్ | హైదరాబాద్ | మంగళవారం ఉదయం

సరే డాక్టర్ గారు, ఒప్పుకుంటున్నా, నేను రోడ్డు లెక్కలో చెప్పాను. కానీ ఒక్క మాట. వేగం అక్కర్లేదంటే మాత్రం ఒప్పుకోను. కాళ్లలో బలం మిగిలి ఉంటేనే కదా చివరి కంట్రోళ్ల దగ్గర బుర్ర పనిచేసేది. నా 21 కి.మీ.లో 17వ కిలోమీటరు దగ్గర నీళ్ల బాటిల్ మూత తీయడం కూడా రాలేదు.


మడమ_డాక్టర్ | యోతెబొరి | మంగళవారం మధ్యాహ్నం

అది నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే శనివారం లాంగ్ రన్ తీసేయమనలేదు. బలం మెల్లని పరుగులోంచే వస్తుంది.


కొండగాలి | విశాఖపట్నం | మంగళవారం రాత్రి

నేను రోజూ పొద్దున బీచ్ రోడ్డులో పరిగెడతాను, వారానికోసారి కైలాసగిరి మెట్లు. ఈ థ్రెడ్ రెండుసార్లు చదివాను. తంపెరె అక్కని ఒకటి అడగాలి. రాత్రి అడవిలో ఒంటరిగా, ఆడమనిషి, భయం వేయదా? ఇక్కడ మేం ఐదున్నరకి కూడా ఇద్దరు ముగ్గురం కలిస్తేనే బయలుదేరతాం.


తంపెరె_అక్క | ఫిన్లండ్ | మంగళవారం రాత్రి

వేసిందమ్మా, మొదటి శీతాకాలం అంతా వేసింది. కుందేలు కదిలినా గుండె ఆగేది. మొదటి నాలుగుసార్లు క్లబ్బులో ఒకావిడ నా వెనకాల 30 మీటర్ల దూరంలో వచ్చింది, మాట్లాడకుండా, దారి చెప్పకుండా, దీపం మాత్రం కనపడేలా. ఐదోసారి నేనే వద్దన్నా. ఇప్పటికీ ట్రైనింగ్‌కి వెళ్లేముందు పేరు రాసి వెళ్తాం, తిరిగొచ్చాక టిక్కు పెడతాం, టిక్కు పడకపోతే వెతకడానికి బయలుదేరతారు. మెడలో విజిల్ ఉంటుంది. నాకు ధైర్యం వచ్చింది ఆ పద్ధతి వల్ల.

యూకొలాలోనే ఆడవాళ్ల రిలే ఉంది, వెన్లా అంటారు, నలుగురి టీమ్, అది శనివారం పగలు జరుగుతుంది. నా పక్కన 70 దాటినావిడ స్టార్ట్ గీత దగ్గర నిలబడి ఉంటే నేను ఆవిడ చేతిలో మ్యాప్ చూసుకునే పద్ధతి చూస్తూ ఉండిపోయా. చిన్నపిల్లలకైతే అడవిలో రిబ్బన్లు కట్టి దారి చూపిస్తారు, రిబ్బన్ వెంట పోతే జెండాలు దొరుకుతాయి. నా కొడుకు నాలుగేళ్లప్పుడు అలాగే మొదలుపెట్టాడు.


అడవిదారి | స్టాక్‌హోమ్ | బుధవారం రాత్రి

ట్రాక్ పెట్టి చూశాను. అక్క చెప్పింది అక్షరాలా నిజం. బాటని నేను మలుపుకి 110 మీటర్లు పడమరగా దాటాను. అక్కడ నుంచి అదే దిక్కులో వెళ్తే అచ్చం అలాంటి చిత్తడి, దాని వెనక అలాంటిదే గుట్ట. కాకపోతే నేను వెళ్లిన గుట్ట మీద కాంటూర్లు రెండే, అసలు గుట్టకి మూడు. 5 మీటర్లు తక్కువ ఎత్తు. చీకట్లో ఎక్కుతున్నప్పుడు "ఇంత తొందరగా అయిపోయిందేంటి" అని ఒక్క క్షణం అనిపించింది కూడా, ఆ మాట ఇప్పుడు బాగా గుర్తొస్తోంది. దాన్ని పక్కన పెట్టేసి జెండా కోసం వెతకడం మొదలుపెట్టా. ఇంకా బాధ కలిగించే సంగతి, 26 నిమిషాల్లో 53 నంబరు జెండాకి 25 మీటర్ల దూరం నుంచి రెండుసార్లు వెళ్లిపోయాను. మధ్యలో గోడ అడ్డం.

మాస్టారూ, మ్యాప్ వంకరగా ఉందన్నది కూడా నిజమే అనుకుంటా. దీపాల వైపు పరిగెత్తినప్పుడు మ్యాప్ చేతిలో మడతపడి ఉంది, వెనక్కి తిరిగాక సెట్ చేయలేదు.

అడుగుల లెక్క మొదలుపెట్టా. నిన్న ఉర్స్‌విక్‌లో టేపుతో కొలిచిన 100 మీటర్ల మీద నాలుగుసార్లు పరిగెత్తి చూశా. ఎడమకాలు పడినప్పుడే లెక్కపెడితే బాట మీద 41, అదే అడవిలోపల 56. ఇంత తేడా ఉంటుందని తెలియదు.

డాక్టర్ గారూ, మంగళవారం మీరు చెప్పినట్టే పాత మ్యాప్‌తో ఇంటర్వెల్స్ చేశాం, క్లబ్బులో ఇంకో ఇద్దరు కూడా కలిశారు. మొదటిసారి చెప్పగలిగాను. మూడోసారి గస మీద మ్యాప్ విప్పితే ఊదారంగు గీత ఒక్కటే కనపడింది, కింద ఏముందో బుర్రకి ఎక్కలేదు. నాలుగోదానికి వేగం కొంచెం తగ్గించా, గుండె 168 దగ్గర ఉంచితే చెప్పగలిగాను. ఆ పది అంకెల తేడా నాకు కొత్త సంగతి. టీకా మూడు డోసులూ పడ్డాయి, థాంక్స్.


పాత_ఎన్‌సీసీ | అనంతపురం | బుధవారం రాత్రి

రెండు గీతలకీ మూడు గీతలకీ తేడా గమనించావు చూడు, అదీ. మా పిల్లల్లో ఒకడు షీటు మీద వేలు పెట్టి "సార్, ఈ వాగు కిందకి పారుతోందా పైకి పారుతోందా" అని అడిగేవాడు. నవ్వినవాళ్లు ఉన్నారు, కానీ కాంటూర్ చూసి వాగు ఎటు పారుతుందో చెప్పగలిగేవాడికే నేల కనపడుతున్నట్టు లెక్క.

ఇది ఇక్కడ మా పిల్లలకి నేర్పాలంటే ఎలా మొదలుపెట్టాలి? కాలేజీ ఆవరణ పెద్దదే, 60 ఎకరాలు. ప్రిన్సిపాల్ గారు నా శిష్యుడే, అనుమతి ఇస్తారు.


నెక్లెస్‌రోడ్_రన్నర్ | హైదరాబాద్ | గురువారం ఉదయం

నేనూ అదే అడగబోతున్నా. మా రన్నింగ్ గ్రూపులో 20 మంది ఉన్నాం, ప్రతి ఆదివారం అదే రోడ్డు.


తంపెరె_అక్క | ఫిన్లండ్ | గురువారం మధ్యాహ్నం

డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీ ఆవరణ భవనాలు, బాటలు, చెట్ల తోపులు ఉంటే చాలు, లేకపోతే మీరే ఎక్కించుకోవచ్చు. ఓపెన్‌ఓరియంటీరింగ్‌మ్యాప్ అనే సైట్ దాన్ని మా మ్యాప్‌లాగా మార్చి పీడీఎఫ్ ఇస్తుంది, కంట్రోళ్లు కూడా అందులోనే పెట్టుకోవచ్చు. పద్ధతిగా గీయాలంటే ఓపెన్‌ఓరియంటీరింగ్ మ్యాపర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఆవరణకి 1:4,000 స్కేలు బాగుంటుంది.

హైదరాబాద్‌లో జెండాలు కట్టి వదిలేస్తే ఉంటాయో లేదో, దానికి మ్యాప్‌రన్ అనే యాప్ ఉంది. జెండా అక్కర్లేదు, ఆ చోటికి చేరగానే ఫోను బీప్ అంటుంది. కానీ నా మాట వినండి, మొదటిసారి జెండాలే కట్టండి. జెండా కంటికి కనపడ్డప్పుడు పిల్లల ముఖం చూడాలి.

ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు, తెల్లారి ఆరింటికే మొదలుపెట్టి ఎనిమిదికల్లా ముగించండి. రోడ్డు దాటే చోట కంట్రోల్ పెట్టకండి. మొదటి కోర్సు మరీ సులువుగా ఉండాలి, ప్రతి కంట్రోల్ బాట పక్కనే. అందరూ అన్నీ కనుక్కుని రావాలి, అప్పుడే రెండోసారి వస్తారు.


అడవిదారి | స్టాక్‌హోమ్ | గురువారం రాత్రి

ఇప్పుడే వచ్చా, కాళ్లకి బురద ఇంకా ఆరలేదు. ఈ రోజు 4.9 కి.మీ., 13 కంట్రోళ్లు, 1 గంట 14 నిమిషాలు.

పోయినసారి కంటే సులువైన అడవి కాదు, వాన కూడా పడింది, దీపం వెలుగులో చినుకులు తప్ప ఏమీ కనపడని చోట్లు ఉన్నాయి. ప్రతి లెగ్‌కీ బయలుదేరేముందు పైకే చెప్పుకున్నా, తెలుగులో, గట్టిగా: "బాట దాకా వేగంగా, మలుపు దగ్గర ఆగు, అక్కణ్నుంచి 70 అడుగులు." 5వ కంట్రోల్ ఒక గుంటలో ఉంది, మలుపు నుంచి 120 మీటర్లు. 67 లెక్కపెట్టేసరికి రిఫ్లెక్టర్ మెరిసింది, సూటిగా ముందరే. నంబరు చూశా, సరైనదే. ఆ బీప్ విన్నప్పుడు కలిగిన ఆనందం ఎలా చెప్పాలో తెలియట్లేదు.

11 దగ్గర మాత్రం 8 నిమిషాలు పోయాయి. జెండా పొలం అంచు నుంచి 90 మీటర్లు లోపల, పొలం అంచున ఒక రాళ్ల కుప్ప ఉంది మ్యాప్‌లో. ఈసారి దీపాల వెంట పోలేదు, మళ్లీ పొలం అంచుకి వచ్చేసి మొదట్నుంచి చేశాను, అందుకే 8తో సరిపోయింది.


తంపెరె_అక్క | ఫిన్లండ్ | గురువారం రాత్రి

మొదటిసారి వెళ్లినప్పుడు రాళ్ల కుప్ప దగ్గర ఆగావా?


అడవిదారి | స్టాక్‌హోమ్ | గురువారం రాత్రి

లేదు అక్కా. పొలం కనపడింది కదా అని అలాగే లోపలికి దూకేశా.


తంపెరె_అక్క | ఫిన్లండ్ | గురువారం రాత్రి

గుర్తు పెట్టుకో. వెళ్లి తిని పడుకో, రేపు విశ్రాంతి.


పాత_ఎన్‌సీసీ | అనంతపురం | ఆదివారం మధ్యాహ్నం

పొద్దున 12 మంది పిల్లలతో చేశాం. టైలరు దగ్గర నారింజ, తెలుపు గుడ్డముక్కలు కుట్టించి 8 జెండాలు కట్టాం, నంబరు పక్కన ఒక్కో తెలుగు అక్షరం రాసి పెట్టాం, అది రాసుకొస్తే వచ్చినట్టు లెక్క. తొమ్మిది మంది ఎనిమిదీ తెచ్చారు. సెకండియర్ అమ్మాయి ఒకతి 19 నిమిషాల్లో ముగించి, నీళ్లు తాగి, మ్యాప్ తిరగేసి పట్టుకుని ఇంకోసారి వెళ్తానంది, వెళ్లింది.

మిగతా ముగ్గురికీ 6వ జెండా దొరకలేదు, వాళ్ల తప్పు కాదు. హాస్టల్ వెనక చింతచెట్టుకి కిందుగా కట్టాం, మేకలు లాగేశాయి. వచ్చే ఆదివారం కొమ్మకి ఎత్తుగా కడతాం. నెక్లెస్‌రోడ్ బాబూ, మీ 20 మంది ఎప్పుడైనా ఇటు రండి, టిఫిన్ మా ఇంట్లో.